శనివారం సాయంత్రమే మొదలయ్యే ఆదివారం

తెల్లవారుజామున నాలుగున్నరకు నేను లేస్తే గాని మా ఇంట్లో ఎవరూ తొమ్మిది గంటల ఆరాధనకు అందేవారు కాదు. పిల్లల తలస్నానాలు, ఆయన చొక్కా ఇస్త్రీ, టిఫిను, మధ్యాహ్నం కోడికూరకు మసాలా, సండే స్కూల్లో చెప్పాల్సిన పాఠం. గుడిలో వాక్యం వింటున్నంతసేపూ మనసు ఇంట్లో పొయ్యి దగ్గరే ఉండేది. ఒంటిగంటకు ఇల్లు చేరితే వడ్డన, అంట్లు. మూడింటికి స్త్రీల సమాజం కూడిక. సాయంత్రం ఇంకొకరింట్లో ప్రార్థన. సోమవారం బడికి వెళ్లి కుర్చీలో కూర్చున్నాక గాని నడుముకు ఆసరా దొరికేది కాదు. పదేళ్లకు పైగా ఇలాగే గడిచింది. విశ్రాంతిదినాన్ని పరిశుద్ధంగా పాటించమనే ఆజ్ఞను (బాప్టిస్టుల లెక్కలో అది నాలుగోది, లూథరన్ల లెక్కలో మూడోది) ఆ పదేళ్లూ పిల్లల చేత వల్లె వేయించింది కూడా నేనే.

నా కళ్లు తెరిపించింది ఒంగోలు చరిత్ర. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడికి వచ్చాడు. ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ అనే మాదిగ దంపతులు బాప్తిస్మం తీసుకున్నదీ ఆ ఏడాదే. వాళ్ల వెనుక పల్లెపల్లెనా విశ్వాసంలోకి వచ్చినవాళ్లు పెట్టుకున్న నియమాలు మూడే మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వీటిలో మొదటిది నేరుగా ఊరి పెద్దల చేలకు తగిలింది. పిలిస్తే పరుగెత్తుకు రావాల్సిన మనిషి వారంలో ఒక రోజు రానంటున్నాడు! పనిలోంచి తీసేశారు, ఊరి బావి నీళ్లు కట్టడి చేశారు. అయినా వాళ్లు ఆ రోజును వదులుకోలేదు. పన్నెండేళ్ల తర్వాత, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆదివారం పనికి రామని చెప్పగల జనం ఒక్కసారిగా అంత పెరిగింది.

క్రీస్తుశకం 321లో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఆదివారం సెలవుకు చట్టం చేసినప్పుడు పట్నాల్లోని న్యాయాధికారులకు, చేతిపనులవాళ్లకు విశ్రాంతి ఇచ్చి, పొలం పనిని మాత్రం మినహాయించాడు. చక్రవర్తి ఇవ్వని సెలవును ఒంగోలు తాలూకా కూలీలు తమంతట తామే తీసుకున్నారు. మా నాయనమ్మ నాట్ల కూలీ. అదను తప్పుతోంది, కూలి రెట్టింపు ఇస్తాం రమ్మన్నా ఆదివారం మాత్రం మడిలో దిగేది కాదు. చిన్నప్పుడు అది ఆమె మొండితనం అనుకునేదాన్ని.

పది ఆజ్ఞలు బైబిల్లో రెండు చోట్ల ఉన్నాయి. నిర్గమకాండంలో విశ్రాంతికి చెప్పిన కారణం సృష్టి: దేవుడు ఆరు రోజులు పనిచేసి ఏడో రోజు విశ్రమించాడు. ద్వితీయోపదేశకాండంలో చెప్పిన కారణం వేరు: మీరు ఐగుప్తులో బానిసలు, దేవుడు మిమ్మల్ని విడిపించాడు, కాబట్టి మీ దాసుడూ మీ దాసీ కూడా మీలాగే విశ్రమించాలి. బానిసకు సెలవుండదు. ఒక రోజు పని ఆపగలగడమే స్వేచ్ఛకు గుర్తు. మా నాయనమ్మకు ఈ రెండో కారణం ఎవరూ విప్పి చెప్పి ఉండరు, కానీ ఆమెకు అది ఒంటికి తెలుసు. దొర చేలోంచి వాళ్లు గెలుచుకొచ్చిన ఆదివారాన్ని తీసుకెళ్లి మేము వంటింటికి అప్పజెప్పాం.

ఇది నా ఒక్కదాని కథ కాదని లెక్కలే చెబుతున్నాయి. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెట్టారు. మగవాళ్లు 97. ఐదు గంటలకు ఒక్క నిమిషం తక్కువ! దీని మీద ఉద్యోగం, దాని మీద సంఘం పని. ఆజ్ఞలో విశ్రమించాల్సినవాళ్ల జాబితా చూడండి. నీవు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ పశువు, నీ ఇంట ఉన్న పరదేశి. భార్య పేరు అందులో లేదు. పశువుకు కూడా ఉన్న సెలవు ఇల్లాలికి లేదా అని ఒకప్పుడు బాధపడ్డాను. ఇప్పుడు ఆ జాబితాను నేను చదివే తీరు వేరు. ఆమె ఆ ‘నీవు’లోనే ఉంది. ఇంటి యజమానితో సమానంగా, అందరికంటే ముందు ఆమెతోనే దేవుడు మాట్లాడుతున్నాడు. దాసి చేత పని ఆపించాల్సిన మనిషి తాను చీపురు పట్టుకుని నిలబడితే ఆ ఆజ్ఞకు అర్థమే లేదు.

అయితే పని ఆపడం అనుకున్నంత తేలిక కాదు. విశ్రాంతి దానంతటది రాదు, దాన్ని ముందే తయారు చేసుకోవాలి. ఈ నేర్పు యూదుల ఇళ్లలో వేల ఏళ్లుగా ఉంది. వాళ్ల రోజు సాయంత్రంతో మొదలవుతుంది, ఆదికాండంలో అస్తమయం ముందు, ఉదయం తర్వాత అన్నట్టు. అంటే దినం మొదలయ్యేది నిద్రతో. పైగా మనిషి పుట్టింది ఆరో రోజున. అతనికి దక్కిన మొదటి నిండు రోజు విశ్రాంతిదినమే. పనిచేసి అలిసిపోయాక ఇచ్చిన కూలి కాదది, పని మొదలుపెట్టక ముందే పెట్టిన అన్నం.

వాళ్ల విశ్రాంతిదినం శనివారం కాబట్టి, శుక్రవారం సూర్యుడు అస్తమించడానికి మామూలుగా పద్దెనిమిది నిమిషాల ముందు ఇంటి ఇల్లాలు దీపాలు వెలిగిస్తుంది. ఆ వెలుగుతో పనికి గడువు తీరిపోతుంది. తర్వాత పొయ్యి వెలిగించరు, ఆర్పరు. మరి వేడి అన్నం ఎలా? గింజలు, దుంపలు, మాంసం కలిపి శుక్రవారమే సన్నని సెగ మీద పెట్టిన కుండ రాత్రంతా ఉడికి మర్నాడు మధ్యాహ్నానికి వేడివేడిగా దిగుతుంది. బల్ల మీద రెండు రొట్టెలు పెడతారు. అరణ్యంలో మన్నా ఆరో రోజున రెండంతలు దొరికిందనడానికి అవి గుర్తు. మిగతా రోజుల్లో దాచుకుంటే పురుగు పట్టే మన్నా ఆ ఒక్క రాత్రి మాత్రం చెడలేదు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తమను బెనె ఎఫ్రాయిం అని చెప్పుకునే తెలుగు కుటుంబాలు ఈ విశ్రాంతిదినాన్ని పాటిస్తున్నాయి. కొంకణ తీరంలో గానుగ ఆడించుకుని బతికిన యూదులకైతే ‘శనివార్ తేలీ’లనే పేరు పడింది, అంటే శనివారం గానుగ కట్టని తెలికలవాళ్లు. పని మానడమే వాళ్ల కులం పేరయింది!

మిష్నా అనే యూదుల ధర్మగ్రంథం ఆ రోజు చేయకూడని పనులు ముప్పై తొమ్మిది అని లెక్కపెట్టింది. విసరడం, జల్లించడం, పిండి పిసకడం, రొట్టె కాల్చడం, నూలు వడకడం, రెండు కుట్లు వేయడం, రెండక్షరాలు రాయడం, నిప్పు రాజేయడం, ఆర్పడం. క్రైస్తవులుగా మనం ఆ జాబితాకు బద్ధులం కాము. విశ్రాంతిదినం మనిషి కోసమే గాని మనిషి దాని కోసం కాదని యేసు చెప్పాడు. అయినా ఆ జాబితాను నేను గౌరవంగా చదువుతాను. అందులో వంటింటి పనులూ ఉన్నాయి. ఆడది చేసేదాన్ని పని అని దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ల కిందటే ఒప్పుకున్న పెద్దలు వాళ్లు.

మా ఇంట్లో ఇప్పుడు ఆదివారం శనివారం సాయంత్రం ఆరింటికి మొదలై ఆదివారం ఆరింటికి ముగుస్తుంది. బట్టలు శుక్రవారమే ఇస్త్రీ అవుతాయి, ఎవరివి వాళ్లే చేసుకుంటారు. శనివారం మధ్యాహ్నం చేపల పులుసు కాస్తాను. ఆ పులుసు మర్నాటికే రుచి అని మన ఇళ్లలో ఎవరికి తెలియదు? చింతపండు పులుపు రాత్రంతా ముక్కకు పడుతుంది. చేప దొరక్కపోతే కోడిగుడ్ల పులుసు, తోడుగా గోంగూర పచ్చడి. పొద్దున టిఫిను లేదు. రాత్రి అన్నంలో పాలు పోసి తోడు వేసి ఉంచితే చద్దన్నం, ఉల్లిపాయ, ఊరగాయ. మొదటి వారం పిల్లలు మొహం మాడ్చారు, మూడో వారానికి వాళ్లే గిన్నె నాకారు. మధ్యాహ్నం అన్నం వండేది మా ఆయన. పదిహేనేళ్లు కుక్కర్ కూత విన్న మనిషికి అన్ని కూతలకు దించాలో తెలియలేదని మొదట్లో ఒళ్లు మండింది. తర్వాత నేర్చుకున్నాడు. ఆదివారం అంట్లు తొట్టిలోనే ఉంటాయి. అది చూస్తూ ఊరుకోవడమే నాకు అన్నింటికంటే కష్టమైంది.

ఊరుకోవడం ఎలాగో నాకు నేర్పింది సువార్తలోని ఆడవాళ్లు. యేసును సమాధి చేసిన సాయంత్రం గలిలయ స్త్రీలు సుగంధద్రవ్యాలు సిద్ధం చేసుకున్నారు. అంతలో విశ్రాంతిదినం ప్రవేశించింది. ఆజ్ఞ చొప్పున వాళ్లు ఆగారని లూకా రాశాడు. అంతకన్నా తొందర పని ఇంకేముంటుంది? ప్రాణానికి ప్రాణమైనవాడి శరీరానికి చేయాల్సిన చివరి ఉపచారం అది. దుఃఖంలో చేతులకు పని దొరికితే కొంత తెరిపి. ఆ పనిని సగంలో వదిలి ఒక రాత్రి, ఒక పగలు, మళ్లీ ఒక రాత్రి ఇంట్లో కూర్చున్నారు. ఆదివారం తెల్లవారుతూనే ద్రవ్యాలు మోసుకుని వెళ్లారు. రాయి దొర్లించి ఉంది. వాళ్ల చేతుల్లోని పనితో అక్కడ అవసరం లేకపోయింది.

శనివారం రాత్రి ప్రార్థనకు ముందు ఒక కాగితం మీద మిగిలిపోయిన పనులన్నీ రాసి బైబిల్లో పెడతాను. పేపర్లు దిద్దాలి, గ్యాస్ బుక్ చేయాలి, చిన్నాడి ఫీజు కట్టాలి. రాసిందాన్ని మనసు మోయదు. ఫోన్లు నాలుగూ బీరువా పైకి వెళతాయి, మోగితేనే తీస్తాం. ఆదివారం మధ్యాహ్నం నిద్రపోతాను, సిగ్గుపడకుండా. లేచాక ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి నలుగురం పాడుకుంటాం. గుడిలో పాడేటప్పుడు తాళం మీద, శ్రుతి మీద ఉండే ధ్యాస ఇంట్లో మాట మీదికి వస్తుంది. చిన్నప్పటి నుంచీ నోటికొచ్చిన కీర్తనలకు నలభై దాటాక అర్థం తెలిసింది.

ఆసుపత్రి డ్యూటీలో ఉన్న నర్సుకు ఆదివారం దొరకదు. మన తెలుగు సంఘాల్లో నర్సులు ఎంతమందో! యేసు కూడా పద్దెనిమిదేళ్లుగా నడుము వంగిపోయిన స్త్రీని విశ్రాంతిదినానే నిలబెట్టాడు, కాబట్టి ఆ డ్యూటీలో తప్పు లేదు. కానీ ఆమె వారంలో మరో ఇరవై నాలుగు గంటలు ఎంచుకోవాలి, ఆ గంటలకు ఇంట్లోవాళ్లు కాపలా కాయాలి. తీరిక దొరికినప్పుడు చూద్దాంలే అంటే ఎప్పటికీ దొరకదు. సంఘానికి ఇచ్చే పిడికెడు బియ్యాన్ని మనం ఎసట్లో పోయక ముందే తీసి పక్కన పెడతాం, వండగా మిగిలినవి కాదు.

ఇక చెప్పాల్సింది ఇంట్లో పనిచేసే అమ్మాయి గురించి. నేను విశ్రమించి అంట్లు ఆమె చేత తోమిస్తే నేను పాటించింది ఆజ్ఞను కాదు, నా హోదాను. ద్వితీయోపదేశకాండం మాట సూటిగా ఉంది: నీ దాసి నీలాగే విశ్రమించాలి. ఈ విషయంలో మన క్రైస్తవ ఇళ్లు చాలా వెనకబడి ఉన్నాయి. ఆదివారం చుట్టాలొస్తారని ఆమెను ఇంకో గంట ముందే రమ్మంటున్నాం.

సంఘ పెద్దలకూ ఒక మనవి. ఆదివారం మధ్యాహ్నం స్త్రీల కూడికను వారంలో ఇంకో సాయంత్రానికి మార్చండి. ప్రేమవిందు రోజున గరిటె మగవాళ్ల చేతికివ్వండి. అయ్యగారి ఇంట్లో పాస్టరమ్మగారికి ఒక పూట ఖాళీ ఉండేలా చూడండి. విశ్రాంతి గురించి ప్రసంగం వినే ఆడవాళ్లు ఆ ప్రసంగమయ్యాక వంటపాత్రల దగ్గరకు పరుగెత్తే పరిస్థితి పోవాలి.

అక్కలారా, చెల్లెళ్లారా, అన్నీ ఒకేసారి మార్చలేం. ఈ శనివారం ఒక్క పని చేయండి. మీ ఇంట్లో పనిచేసే ఆమెతో, రేపు రావద్దు, జీతంలో ఒక్క రూపాయి కోయను అని చెప్పండి. ఆ తర్వాత చీపురు మీరూ పట్టుకోకండి.