ఇప్ప లడ్డూ, తొట్టి స్నానం

ప్రకృతి చికిత్స అనగానే పొట్ట మీద మట్టి పట్టి, తొట్టి స్నానం, ఉపవాసం, చివర్లో ఘనమైన బిల్లు గుర్తొస్తాయి. ఈ తొట్టి స్నానం జర్మనీ సరుకు. అక్కడి ప్రకృతి వైద్యుడు లూయీ కూనే రాసిన పుస్తకాన్ని 1894లోనే ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ తెలుగులోకి తెచ్చారు. గాంధీజీ కూడా కూనేను చదివి నమ్మినవారే. 1946లో పుణె దగ్గర ఉరుళీ కాంచన్‌లో ప్రకృతి చికిత్సాలయమే మొదలుపెట్టారు. కూనే మాట ఒక్కటే: రోగాలన్నిటికీ మూలం ఒంట్లో పేరుకున్న మలినం. కాబట్టి చికిత్స కూడా ఒక్కటే.

ప్రకృతి చికిత్స ఆదిలాబాద్‌లో సగమే నిలబడుతుంది.

మార్చి, ఏప్రిల్‌లలో ఉట్నూర్ అడవుల్లో తెల్లవారకముందే ఇప్పపువ్వు రాలుతుంది. గోండు ఆడవాళ్లు గంపలతో వెళ్లి ఏరుకొచ్చి ఎండబెడతారు. బయటివాళ్లకు ఇప్ప అంటే సారానే. అడవిలో మాత్రం అది తిండి కూడా. ఉట్నూర్‌లో భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం ఆ పువ్వుకు నువ్వులు, పల్లీలు, బెల్లం కలిపి లడ్డూలు చేస్తోంది. రక్తం తక్కువున్న ఆశ్రమ పాఠశాలల ఆడపిల్లలకు వాటిని పెట్టారు. తిండితో తగ్గేదాన్ని తిండితోనే తగ్గించడం ప్రకృతి వైద్యంలో మంచి పాఠం. లడ్డూ తిన్న వెంటనే చాయ్ తాగితే మాత్రం అందులోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. చాయ్ లేనిదే పొద్దు గడవని మన జిల్లాల్లో ఈ మాట ఎవరికి రుచిస్తుంది! రక్తం మరీ తక్కువుంటే ఐరన్ మాత్రలూ వేసుకోవాల్సిందే.

షుగర్ విషయంలోనూ ఇంతే. కరీంనగర్‌లో సాయంత్రం బండి దగ్గర జొన్న రొట్టె తింటున్నామని షుగర్ మాత్రలు మానేసేవాళ్లున్నారు. రొట్టె మంచిదే, కానీ అది మాత్ర పని చేయదు.

ఆదిలాబాద్ గోండు, కోలాం గూడేల్లో మరో రక్తహీనత ఉంది: సికిల్ సెల్. ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బు. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుని భరించలేని నొప్పి పుట్టిస్తాయి. కడిగేయడానికి ఇక్కడ మలినమేదీ లేదు. పైగా చలి, ఒంట్లో నీరు తగ్గడం ఆ నొప్పిని రేపుతాయి. అలాంటి పిల్లను చల్లటి తొట్టిలో కూర్చోబెట్టి నిర్జల ఉపవాసం చేయిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఆమెకు బాగా నీళ్లు తాగించాలి, డాక్టరు రాసిన హైడ్రాక్సీయూరియా వేయాలి, అవసరమైతే రక్తం ఎక్కించాలి.

సికిల్ సెల్ జన్యువును మోసే ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే పుట్టే ప్రతి బిడ్డకూ ఈ జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. అందుకే 2023 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమంలో 40 ఏళ్ల లోపు వాళ్లకు రక్తపరీక్ష చేసి, పెళ్లి చూపులకు ముందే చూసుకునేందుకు కార్డులిస్తున్నారు.