ఇష్టమైన చదువుకు ఫీజు ఎవరు కడతారు?

చదువుల మీద మన పత్రికల్లో వస్తున్న కథలను కొన్నేళ్లుగా పట్టుబట్టి చదువుతున్నాను. వాటిలో ఎక్కువ భాగం ఒకే మూసలో పోసినవి. కొడుక్కి బొమ్మలు గీయడం ఇష్టం, తండ్రికి ఇంజనీరింగు ఇష్టం. మధ్యలో తల్లి కళ్ళొత్తుకుంటుంది. కథ చివర కొడుకు ప్రాణం తీసుకుంటాడు, లేదా తండ్రికి జ్ఞానోదయమవుతుంది. ఏది జరిగినా రచయిత సానుభూతి కొడుకు పక్షాన ఉంటుంది, పాఠకుడి కన్నీరూ అటే పారుతుంది.

ఈ కథల్లోని బాధ కల్పితమని నేననడం లేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు తప్పులతో వెలువడిన తర్వాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ దుఃఖాన్ని పట్టించుకోని సాహిత్యం సాహిత్యమే కాదు. నా అభ్యంతరం వేరేచోట ఉంది. ఈ కథల్లో తండ్రి ఏం పని చేస్తాడో, నెలకెంత తెస్తాడో, అప్పెంత ఉందో, ఈ కొడుకు వెనక చదవవలసిన పిల్లలెందరున్నారో రచయిత చెప్పడు. చెప్పకపోవడం వల్ల తండ్రి ఉత్త మూర్ఖుడుగా, డబ్బు మనిషిగా మిగిలిపోతాడు. ఒక సామాజిక సంబంధం ఒక వ్యక్తి స్వభావదోషంగా కుంచించుకుపోతుంది. భావవాద విమర్శకులకు ఇది చాలునేమో. వస్తువును దాని భౌతిక పునాదితో కలిపి చూడాలనే మనకు చాలదు.

2009లో వచ్చిన ‘త్రీ ఇడియట్స్’ అనే హిందీ చిత్రాన్ని ఇష్టమైన చదువుకు వేదంగా చెప్పుకునేవారు ఉపాధ్యాయుల్లోనూ ఉన్నారు. ఇంజనీరింగు చదివే ముగ్గురు మిత్రుల కథ అది. వారిలో ఫర్హాన్‌కు అడవి జంతువుల ఛాయాచిత్రాలు తీయడం మీద మక్కువ. తండ్రిని ఒప్పించి ఆ దారినే పోతాడు. రాజు అనే మరో కుర్రాడి ఇంట్లో మంచం పట్టిన తండ్రి, పెళ్ళి కావలసిన అక్క ఉన్నారు. రాజు ఇంటిని పరిచయం చేసేటప్పుడు దర్శకుడు తెర మీది రంగులు తీసేసి, పాత నలుపు తెలుపు సినిమా ఫక్కీలో చూపించి, హాలునంతా నవ్విస్తాడు. ఫర్హాన్ ఇష్టం రంగుల్లో నడుస్తుంది, రాజు పేదరికం వెటకారంలో నడుస్తుంది. పైగా రాజు జబ్బు పేరు భయమని, భయం పోతే ఉద్యోగం దానంతటదే వస్తుందని సినిమా తీర్పు చెబుతుంది. మంచంలో ఉన్న తండ్రి మందుల ఖర్చు భయం కాదు గదా!

దీనికి భిన్నమైన రచన మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’ నవలలో సుందరం అక్షరాభ్యాసం మొదలుకొని పై చదువుల దాకా, ఇంచుమించు 1915 నుంచి 1935 వరకు, ఒక మధ్యతరగతి కుర్రాడి చదువు సాగిన తీరును చూపించారు. అందులో విలన్లు లేరు. ఇంట్లోవాళ్ళు తమకు తోచిన మంచే చేస్తారు. 1930ల ఆర్థికమాంద్యం మాత్రం ఒక పాత్రంత బరువుగా నవలలో నడుస్తుంది. చదువుకు ధర కట్టేది బజారు, ఆ బజారు మీద సుందరానికి గానీ అతని పెద్దలకు గానీ అదుపు లేదు. కుటుంబరావు ఈ సంగతిని పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవారు కారు. భౌతికశాస్త్రం చదివి, బెనారస్‌లో ఎమ్మెస్సీలో చేరి, మాంద్యం దెబ్బకు దాన్ని పూర్తిచేయలేకపోయారు. 1952 నుంచి 1980లో మరణించేదాకా ‘చందమామ’ పని ఆయనకు అన్నం పెట్టింది. ఆ నవలకు వారసులు రావలసినంతగా రాలేదన్నదే నా ఫిర్యాదు.

ఇక మా నిజామాబాదు సంగతి. ఇష్టమూ సంపాదనా వేరుపడడం మా ప్రాంతానికి కార్పొరేటు కళాశాలలతో వచ్చిపడిన సమస్య కాదు. నిజాం పాలనలో ఆ రెండు దారులకు రెండు భాషల పేర్లుండేవి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో. కచేరీలో ఉర్దూ, కోర్టులో ఉర్దూ, కొలువులో ఉర్దూ. తెలుగు ఇంటి భాష. దాన్ని కోరి చదవడమంటే అన్నం పెట్టని చదువును కోరి చదవడమే. 1937లో మందుముల నర్సింగరావు అధ్యక్షతన నిజామాబాదులో ఆంధ్రమహాసభ జరిగింది. ఆ ఏడే బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. మా జిల్లా చరిత్రకారులు ఈ రెండిటినీ వేర్వేరు అధ్యాయాల్లో రాస్తారు. కలిపి చదవాలని నా మనవి. ఒకటి భాషకు గౌరవం అడిగింది, మరొకటి మనిషికి జీతం ఇచ్చింది. మా చదువుల కథ అంతా ఈ రెంటి మధ్యనే నడిచింది.

దాశరథి 1948లో నిజామాబాదు జైల్లో గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారన్నది మా జిల్లాలో ప్రతి బడిలో చెప్పే సంగతి. ఆ జైల్లోనే ఆయనతో వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నారు. ఆళ్వారుస్వామి కళాశాల ముఖం చూడలేదు. వంటపని చేసుకుంటూ చదువు నేర్చుకుని, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించారు. బడి వార్షికోత్సవాలకు వచ్చే వక్తలకు ఈయన పేరు చాలా సులువుగా అక్కరకొస్తుంది. ఇష్టముంటే చాలు, ఆళ్వారుస్వామిని చూడండి అంటారు. (ఆ వక్తల పిల్లలు ఏ కోర్సులు చదువుతున్నారో నేనెప్పుడూ అడగలేదు. వాళ్ళే చెబుతుంటారు.) ఆళ్వారుస్వామి ఇష్టం వెనుక ఒక ఉద్యమముంది, గ్రంథాలయాలున్నాయి, పుస్తకం కోసం ఎదురుచూసే పాఠకులున్నారు. వాటిని తీసేసి ఒక్క మనిషి పట్టుదలను మాత్రం మిగిల్చి పిల్లలకు చూపడం చరిత్రకు అన్యాయం.

బి.ఎ. వరకు ఉర్దూ మాధ్యమంలో చదివిన సి. నారాయణరెడ్డి ఎం.ఎ.లో తెలుగు తీసుకుని ఆచార్యులయ్యారు. ఆ ప్రతిభను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అయితే ప్రతిభ కూర్చోవడానికి కుర్చీ కావాలి. 1956 తర్వాత బళ్ళు పెరిగాయి. 1966లో అధికార భాషా చట్టం, 1968లో తెలుగు అకాడమీ, 1969 నుంచి రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చాయి. పండితుడికి, ఉపన్యాసకుడికి, అనువాదకుడికి పోస్టులు ఏర్పడ్డాయి. ఆ కాలంలో తెలుగు మీద ఇష్టం తెలివితక్కువతనం అనిపించుకోలేదు, ఎందుకంటే ఆ ఇష్టానికి ప్రభుత్వం జీతం కట్టింది. నేను ఎం.ఎ. చేసేనాటికి ఆ వరసలో తోక మాత్రమే మిగిలింది. భాషాపండితుల పోస్టులను స్కూల్ అసిస్టెంటు స్థాయికి పెంచే వ్యవహారం ఏళ్ల తరబడి నలిగి నలిగి 2024లో గానీ ఒక కొలిక్కి రాలేదు. తెలుగు చదివితే ఏమొస్తుందని అడిగే తండ్రికి ఈ చరిత్ర తెలియకపోయినా, దాని ఫలితం బాగా తెలుసు.

అలాగని సంపాదన పక్షం వాదం దీనికంటే గట్టిదా అంటే, కాదని బోధన్ చెబుతుంది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్ళు, ఆ నీళ్ళ కింద చెరకు, చెరకు వెనుక ఫ్యాక్టరీ. ఆసియాలోకెల్లా పెద్దదని దానికి పేరు. క్వార్టర్లు, దవాఖానా, బడి, నెల తిరిగేసరికి జీతం. ఈ చుట్టుపక్కల ‘పనికొచ్చే చదువు’ అంటే ఐ.టి.ఐ.లో ఫిట్టరు, పాలిటెక్నిక్‌లో మెకానికల్, కొంచెం పైకి పోతే రసాయనశాస్త్రం. లెక్కవేసి చదివేవాడికి జిల్లాలో ఇంతకంటే భద్రమైన లెక్క లేదు. 2002లో ఫ్యాక్టరీలో సగానికి పైగా వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి, మెట్‌పల్లి, మెదక్ యూనిట్లతో పాటు బోధన్ యూనిట్‌నూ మూసేశారు. చెరకు పొలాలు చాలావరకు వరికి మళ్లాయి. ఫిట్టరు చేతిలో పనితనం ఆనాడు ఎంతుందో మర్నాడూ అంతే ఉంది. దాన్ని కొనేవాడు లేడు. దుబాయికి, మస్కట్‌కు పోయేవాళ్ల బస్సులో లెక్కవేసి చదివినవాడూ మనసుపడి చదివినవాడూ పక్కపక్కనే కూర్చున్నారు.

ఇంజనీరింగుదీ అదే దారి. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలైన తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగు కళాశాలలు ఏడువందలు దాటాయి, తర్వాత వాటిలో ఎన్నో మూతపడ్డాయి. 2025లో ఆ పథకం బకాయిల కోసం తెలంగాణలో ప్రైవేటు కళాశాలలు బందు పాటించాయి. ఇప్పుడు అందరూ కంప్యూటర్ సైన్సు అంటున్నారు. ఆ ప్రోగ్రాములు యంత్రమే రాస్తున్నదని పేపర్లో చదివి, అదే కోర్సులో చేరుతున్నారు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు ఇరవై రెండేళ్లప్పటి బజారును ఊహించి చదవాలనడం విద్య కాదు, మట్కా.

ఇప్పుడు మా బడిలో పదో తరగతి ముగించిన ఒక అమ్మాయి మాట చెబుతాను. తండ్రి ఒకప్పుడు ఫ్యాక్టరీ కార్మికుడు, ఇప్పుడు ఆటో నడుపుతాడు. తల్లి బీడీలు చుడుతుంది. ఆ పిల్ల రాసే తెలుగులో మా ఊళ్ళ మాట సహజంగా, అతికించినట్టు లేకుండా వస్తుంది. ఆర్ట్స్ గ్రూపు తీసుకుని డిగ్రీలో తెలుగు చదివించమని తల్లితో అన్నాను. ఆమె నా మీద కోపం చేయలేదు. “పిల్లకు తెలుగంటె పానం సారూ. మాకు ఎర్క లేదనుకున్నరా? ఇష్టమున్నది సదివియ్యాల్నని మాకూ ఉన్నది. ఇష్టానికి ఫీజు ఎవలు గడ్తరు?” అంది. కూతురి వైపు చూశాను. “నాకు తెలుగు అంత ఇష్టమేం లేదు సార్, ఎంపీసీయే తీసుకుంట” అందా పిల్ల తల దించుకుని.

అబద్ధమని ముగ్గురికీ తెలుసు. తల్లికి బరువు కాకూడదని కూతురు తన ఇష్టాన్ని తానే కాదంది. మన కథల మూస ఇక్కడ ఎందుకూ కొరగాదు. ఆ ఇంట్లో తండ్రికీ బిడ్డకూ తగవు లేదు, మొండి పెద్దలు లేరు, కళ్ళు తెరవవలసినవాళ్ళు లేరు. తగవంతా ఇంటి బయట ఉంది, మూసిన ఫ్యాక్టరీ గేటు దగ్గరా, భర్తీ కాని పోస్టుల దగ్గరా ఉంది. అది ఇంట్లోకి వచ్చేసరికి ఒక చిన్న అబద్ధంగా, నిశ్శబ్దంగా మారిపోయింది. ఆ నిశ్శబ్దాన్ని పట్టుకోగల శిల్పం మన కథకులకు కావాలి. అరుపులతో, ఉత్తరాలతో, ఉరితాళ్లతో అది పట్టుబడదు.

ఆ అమ్మాయి చేరిన ప్రైవేటు జూనియర్ కళాశాలలో ద్వితీయ భాష సంస్కృతం. మార్కులు బాగా వస్తాయని అక్కడ అందరికీ అదే. సంస్కృతం మీద నాకు ద్వేషమేమీ లేదు. జవాబులు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసి నూటికి దగ్గరగా తెచ్చుకునే ఆ చదువును సంస్కృతమంటే సంస్కృత పండితులే ఒప్పుకోరు. పదో తరగతి వరకు తెలుగును తప్పనిసరి చేస్తూ 2018లో తెలంగాణ శాసనం చేసింది. ఆ మరుసటి మెట్టు మీదనే తెలుగు జారిపోతోంది. సంపాదన కోసం తెలుగు ఎం.ఎ.ను వదులుకోవడం అర్థమవుతుంది. వారానికి నాలుగు గంటల తెలుగును కూడా మార్కుల కోసం వదులుకోవలసి రావడం ఏ సంపాదన కోసమో ఆలోచించాలి.

మన సంఘంలోని మిత్రులు కొందరు దీనికొక సలహా ఇస్తారు. బతుకుతెరువుకు ఏదో ఒకటి చదవాలి, సాయంత్రాలు సాహిత్యం చూసుకోవాలి అని. ఉదాహరణలూ ఉన్నాయి. శ్రీశ్రీ జంతుశాస్త్రం చదివి కళాశాలలో డెమాన్‌స్ట్రేటరుగా పనిచేశారు. పాలగుమ్మి పద్మరాజు రసాయనశాస్త్రం బోధించారు. రావిశాస్త్రి వకీలు. నిజమే, అభ్యుదయ సాహిత్యంలో పెద్ద భాగం ఏదో ఒక జీతమో వృత్తో వెనుక ఉండి రాసినదే, అందులో సిగ్గుపడవలసింది లేదు. కాని ఈ సలహా సాయంత్రాలున్నవారికి. బీడీలు చుట్టే ఇంట్లో ఆడపిల్ల సాయంత్రం తల్లి పక్కన చాట ముందు గడుస్తుంది. పై పేర్లలో ఒక్క స్త్రీ పేరు లేకపోవడం సలహా ఇచ్చేవారికి కనబడదు.

కనుక ఇష్టాన్ని నమ్ముకొమ్మని పిల్లలకు చెప్పే కథ, ఇష్టాన్ని చంపుకొమ్మని చెప్పే కథ, రెండూ నాకు ఒకే కథగా కనిపిస్తున్నాయి. రెండిట్లోనూ భారం పిల్లవాడి మీదే పడుతుంది. పోస్టులు ఎందుకు పోయాయి, ఫ్యాక్టరీ ఎవరి నిర్ణయంతో మూతపడింది, ప్రభుత్వ కళాశాలలో ఎన్ని ఖాళీలున్నాయి అన్న ప్రశ్నలు కథలోకి రావు. వస్తే ఉపన్యాసమైపోతుందని రచయితల భయం. ‘చదువు’ నవల ఉపన్యాసం కాలేదు గదా. తల్లి దగ్గరి ఫీజు రశీదు, ఆటో కిస్తీ పుస్తకం, బీడీల లెక్క రాసుకునే కార్డు కథలో ఉన్నచోట ఉన్నట్టు పెడితే చాలు, మిగతాది అవే చెబుతాయి.

శక్కర్‌నగర్ క్వార్టర్లలో పెరిగిన పిల్లల చదువుల మీద ఇలాంటి నవల ఒక్కటి కూడా ఇంతవరకు నా కంటబడలేదు. ఆ ఫ్యాక్టరీలో పనిచేసినవారు ఇంకా మన మధ్య ఉన్నారు. గేటు మూసిన ఏడు ఇంటర్మీడియట్ చదువుతున్న వారి పిల్లలకు ఇప్పుడు పాతికేళ్లు దాటాయి. వాళ్లేం చదువుదామనుకున్నారో, ఏం చదివారో, ఏది ఇష్టం లేదని ఇంట్లో అబద్ధం చెప్పారో అడిగి రాసుకోవడానికి బోధన్ బస్సెక్కితే చాలు.