'ఇతరులు' అనే గడిలో మనం

2024 శాసనసభ ఎన్నికలప్పుడు కోనసీమ గురించి వచ్చిన విశ్లేషణలు చాలావరకు ఒకే అచ్చులో ఉన్నాయి. పైన నియోజకవర్గం పేరు, దాని కింద కులాల లెక్క. కాపులు ఎందరు, శెట్టిబలిజలు ఎందరు, మాలలు ఎందరు, మాదిగలు ఎందరు, రాజులు ఎందరు... అన్నిటికంటే అడుగున 'ఇతరులు'. కాలువ గట్ల మీద, చేపల చెరువుల పక్కన బతికే మన ఎరుకల, యానాది ఇళ్లు ఉండేది ఆ అడుగు గడిలోనే. పిల్లలకు పౌరశాస్త్రం చెప్పే మాకు ఆ గడి గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ఆ విశ్లేషణల్లో పోటీ అంతా మనుషుల కథే. అమలాపురంలో 2019లో అయితాబత్తుల ఆనందరావు మీద పినిపే విశ్వరూప్ గెలిచారు. 2024కి విశ్వరూప్ మంత్రి, ఆనందరావు మళ్లీ సవాలు విసిరినవారు. ఈసారి ఆనందరావు గెలిచారు. కొత్తపేటలోనూ అంతే. చిర్ల జగ్గిరెడ్డి, బండారు సత్యానందరావు పాత ప్రత్యర్థులే, ఈసారి గెలుపు బండారుది. పదవిలో ఉన్నవారు దిగారు, ఎదురు నిలిచినవారు ఎక్కారు. కాలువ గట్టు మీది ఇంటికి పట్టా సంగతి అటు దిగినవారూ తేల్చలేదు, ఇటు ఎక్కినవారి ప్రచారంలోనూ పెద్దగా వినపడలేదు. విశ్లేషకులు ఈ ముక్క కదా రాయాల్సింది?

చిన్న లెక్కలకు విలువ లేదనేవాళ్లు రాజోలు చూడాలి. 2019లో రాష్ట్రమంతటా జనసేనకు దక్కిన ఒకే ఒక్క సీటు రాజోలు. అక్కడ రాపాక వరప్రసాదరావు గెలిచింది 814 ఓట్ల తేడాతో. ఆ తర్వాత ఆయన పాలక పక్షం వైపు వెళ్లిపోవడం, 2024లో అదే పక్షం తరఫున అమలాపురం లోక్‌సభకు పోటీచేసి ఓడిపోవడం వేరే కథ. మనకు కావలసింది ఆ 814. అంత సన్నని తేడా ఉన్నచోట 'ఇతరులు' అని కొట్టిపారేయడానికి ఏ పార్టీకి ధైర్యం ఉండాలి? అయినా ఉంది. ఎందుకంటే మన ఓటు వాళ్లకు విడిగా కనపడదు. ఓట్లు లెక్కపెట్టాక ఎన్నికల అధికారి ఫారం 20లో ఏ బూత్‌లో ఎవరికెన్ని వచ్చాయో రాస్తారు. పార్టీల వాళ్లు దాన్ని ముందేసుకుని కూర్చుంటారు. కానీ పాతికిళ్ల మన పేట ఊరి బూత్‌లో కలిసిపోయి ఉంటుంది. ఊరి పెద్దకు నచ్చజెబితే పేట వస్తుందని వాళ్ల నమ్మకం.

ఇంకొకటి. 2024 ఎన్నికలప్పుడు కోనసీమ జిల్లాలో ఏడు నియోజకవర్గాలు ఉండేవి. అమలాపురం, రాజోలు, పి.గన్నవరం ఎస్సీలకు కేటాయించినవి. దళితులు తెచ్చుకున్న ఆ సీట్ల మీద మాకు ఏ పేచీ లేదు. అయితే అక్కడ గిరిజనుడు నామినేషన్ కూడా వేయలేడని మన పిల్లల్లో చాలామందికి తెలియదు. మిగతా నాలుగూ జనరల్ కాబట్టి అక్కడ వేయొచ్చు. 2024లో రెండు ప్రధాన పక్షాల్లో ఏదీ ఆ నాలుగింటిలో ఒక్కదానిలోనూ గిరిజనుణ్ణి నిలబెట్టలేదు. రాష్ట్రంలో ఎస్టీ సీట్లు ఏడు, అన్నీ కొండ వైపే. మైదానంలో చెదిరి ఉన్నవాళ్లకు ఆ లెక్కలో చోటు రాదు.

కొండ వైపు తీర్పును చదవడంలోనూ ఇదే బద్ధకం. వైఎస్సార్‌సీపీకి రాష్ట్రంలో మిగిలిన 11 సీట్లలో అరకు, పాడేరు ఉన్నాయి. 'ఏజెన్సీ ఓటరు మారడు' అని కొందరు తేల్చేశారు. 2019లో ఏడు ఎస్టీ సీట్లూ ఆ పార్టీవే, 2024లో అందులో ఐదు పోయాయి. రంపచోడవరంలో అంగన్‌వాడీ కార్యకర్తగా పనిచేసిన మిరియాల శిరీషాదేవి సిట్టింగ్ ఎమ్మెల్యే నాగులపల్లి ధనలక్ష్మిని ఓడించారు. మారనివాళ్లు చేసే పనేనా ఇది? అరకులో ఒకలా, సాలూరులో ఇంకొకలా ఓటేశారంటే ఎవరి కష్టం వాళ్లు చూసుకుని వేశారని ఎందుకు అనుకోకూడదు? మైదానం ఓటరు మారితే వివేకమట, కొండ ఓటరు మారకపోతే అమాయకత్వమట.

మన కుర్రాళ్ల మీదా మాకు కొంచెం కోపం ఉంది. బైకుకు జెండా కట్టి తిరగడానికి ముందుంటారు. సొంత పేటలో ఎందరి పేర్లు జాబితాలో ఉన్నాయని అడిగితే నీళ్లు నములుతారు. చేపల చెరువు కాపలాకు వెళ్లి నెలల తరబడి అక్కడే ఉండే కుటుంబం పేరు ఏ ఊళ్లో ఉంది? ఇంటి నంబరు లేదు కనుక ఓటు రాదని పెద్దవాళ్లు నమ్ముతున్నారు. అది నిజం కాదు. నిలవ నీడ లేనివారికి కూడా ఓటు హక్కు ఉంది. ఫారం 6 ఇస్తే బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడా అని చూసి రాసుకోవాలి. విడిగా చిరునామా రుజువు అక్కర్లేదు. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు జనవరి దాకా ఆగనక్కర్లేదు కూడా. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ అర్హత తేదీలే.

ఆ బూత్ స్థాయి అధికారి చాలాచోట్ల మనలాంటి పంతులో, అంగన్‌వాడీ అమ్మో. చీకటి పడ్డాక గట్టు మీదికి టార్చి పట్టుకుని వెళ్లాల్సింది వాళ్లే. తోడు వెళ్లి ఇళ్లు చూపించడానికి పేటలో కుర్రాడు ఒకడుంటే చాలు.