రాజధాని ప్రాస

రాష్ట్రాలు, రాజధానుల జాబితాను నేను ఏ పిల్లాడి చేతా బట్టీ పట్టించను. విశాఖ ఉక్కునగరంలో పిల్లలకి క్విజ్ పెట్టమంటే ముందు ప్రాసలు ఏరుకుంటాను. జైపూర్, రాయ్‌పూర్, దిస్పూర్ ఒక జట్టు. గాంధీనగర్, ఇటానగర్ ఇంకో జట్టు. ఇంఫాల్, భోపాల్. ముంబై, చెన్నై. రెండుసార్లు పాడుకుంటే చాలు, నోటికొచ్చేస్తాయి.

ఛందస్సు చదివినవాళ్ళు ఇక్కడ ఊరుకోరు. ఇవన్నీ అంత్యప్రాసలు, తెలుగు పద్యానికి ప్రాస ఉండేది రెండో అక్షరంలో కదా అంటారు. నిజమే. ఆ లెక్కన జైపూర్‌కి జోడీ రాయ్‌పూర్ కాదు, భోపాల్. జై పక్కన పూ, భో పక్కన పా. మొదటి అక్షరాలు రెండూ గురువులే. అమెరికాలో ఇంతకంటే మంచి జంట దొరుకుతుంది: బోస్టన్, ఆస్టిన్. మసాచుసెట్స్ రాజధాని ఒకటి, టెక్సాస్ రాజధాని ఒకటి, రెండింటా ‘స్ట’కారమే. అయితే అదే ప్రాసతో హూస్టన్ కూడా పక్కనే కాచుకుని ఉంటుంది. నాసా పుణ్యమా అని అందరికీ తెలిసిన పేరు. టెక్సాస్ అనగానే సగం చేతులు దానికే లేస్తాయి. ప్రశ్న తయారుచేసేవాడికి కావలసిందీ అదే.

ఉక్కు ఉద్యోగుల పిల్లలకైతే ఎర వేరు. ఇంట్లో పెద్దల మాటల్లో ఛత్తీస్‌గఢ్ అంటే భిలాయ్, జార్ఖండ్ అంటే బొకారో, ఒడిశా అంటే రూర్కెలా. ముంబై, చెన్నై చెప్పించి, ఆ ఊపులోనే ఛత్తీస్‌గఢ్ అడిగి చూడండి. ‘భిలాయ్’ అని అరిచాక గానీ రాయ్‌పూర్ గుర్తుకు రాదు.

ప్రాస సత్తా ఈ ఊరికి ఒకరు చెప్పక్కర్లేదు. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’. రాసినవాళ్ళు ఛందస్సు చూసుకున్నారో లేదో గానీ, రెండో అక్షరం ‘క్కు’ పద్యంలో పడ్డంత పక్కాగా పడింది. 1966లో ఈ నినాదంతో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971లో శంకుస్థాపన జరిగింది, 1992లో కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఈ సంవత్సరాలు తెలియని కుర్రాళ్ళు కూడా నినాదం మాత్రం తడుముకోకుండా చెబుతారు.

ఏ ప్రాసకీ లొంగనిది మన రాష్ట్రమే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌కి హైదరాబాద్. 2014 జూన్ 2 నుంచి పదేళ్ళు హైదరాబాదే ఉమ్మడి రాజధాని. ఈలోగా 2015లో అమరావతికి శంకుస్థాపన. 2020 చట్టంలో పాలనకి విశాఖ, శాసనసభకి అమరావతి, న్యాయానికి కర్నూలు అన్నారు. 2021 నవంబరులో ఆ చట్టాన్ని ఉపసంహరించుకున్నారు.

ఓసారి మన రాజధాని ఏదని అడిగితే, వెనక వరుసలో కుర్రాడు లేచి, “ఏ సంవత్సరానికండీ మాస్టారూ?” అన్నాడు. మార్కులు వాడికే వేశాను.

క్విజ్‌లు పెట్టే మాస్టార్లకి ఒక మనవి. ఆంధ్రప్రదేశ్ రాజధాని అడిగేటప్పుడు పక్కన సంవత్సరం కూడా వేయండి.