కణగణనమున సమాంతర లైబ్రరీల యెన్నిక : ఒక విమర్శ

లైబ్రరీ యనగా నిచ్చట పుస్తకశాల కాదు. గణితజ్ఞులు ముందుగనే వ్రాసి, పరీక్షించి, పదుగురి వాడుకకై యుంచిన గణనక్రమముల సంపుటి. అనేక ప్రాసెసర్లు పనిని పంచుకొని యేకకాలమున లెక్కకట్టునట్లు కూర్చినది సమాంతర లైబ్రరీ. ప్లాస్మా వంటి కణసమూహముల నడకను కంప్యూటరుపై అనుకరించువారికి దీని యెన్నిక ముఖ్యమైనది. ప్రోగ్రామును ఒకమారు దానితో ముడివేసిన పిమ్మట విడదీయుట మిక్కిలి శ్రమతో కూడిన పని. అట్టి యెన్నికను కేవలము పేరుప్రతిష్ఠలను బట్టి చేయు అలవాటు విమర్శింపదగినది.

ప్లాస్మా గణనమున నొక ప్రసిద్ధ పద్ధతి కలదు. కణముల విద్యుదావేశములను గళ్ళవలపై పంచుదురు. ఆ వలపై పాయిజాన్ సమీకరణమును సాధించి విద్యుత్ క్షేత్రమును కనుగొందురు. ఆ క్షేత్రమును బట్టి కణములను ముందునకు నడపుదురు. ఈ చక్రము వేలమార్లు తిరుగును. వల ప్రక్కకు 1,000 బిందువుల చతురస్రమైనచో కనుగొనవలసిన రాశులు 10 లక్షలు. మాత్రికను పూర్తిగా వ్రాసినచో లక్షకోట్ల స్థానములు. స్థానమునకు 8 బైట్ల చొప్పున 8 టెరాబైట్లు. కాని ప్రతి బిందువునకును తనతోడను, నాలుగు పొరుగు బిందువులతోడను మాత్రమే సంబంధము. కావున వరుసకు సున్న కాని సంఖ్యలు అయిదింటికి మించవు. వాని విలువలకు 40 మెగాబైట్లు చాలును. ఇట్టిది విరళమాత్రిక.

1990ల నాటి స్కాలాపాక్ దట్టమాత్రికలకై నిర్మితము. తన రంగమున నది దిట్టయే. విరళమాత్రికకు దానిని వాడుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రము. సున్నలను మోయుటకే బలమంతయు వ్యయమగును. ఆ దోషము లైబ్రరీది కాదు, ఎన్నినవానిది. యంత్రముల కీర్తియు నిట్లే మోసపుచ్చును. 1993 నుండి వెలువడు టాప్ 500 పట్టిక దట్టమాత్రిక పరీక్షపై నాధారపడినది. అమెరికాలోని ఫ్రాంటియర్ యంత్రము విరళమాత్రిక పరీక్షయందు చూపిన వేగము, ఆ పట్టికలోని వేగమున నూటికి రెండు పాళ్ళైనను లేదు. విరళగణనమున కాలము గుణకారములకు గాక, మెమరీనుండి సంఖ్యలను తెచ్చుటకే యెక్కువగా పోవుట యిందులకు ముఖ్యకారణము.

ఆర్గాన్ ప్రయోగశాలలో పుట్టిన పెట్‌సీ యిట్టి మాత్రికలకు తగినది. ప్రోగ్రామును తిరిగి వ్రాయకయే సాధనపద్ధతిని మార్చి చూడగలుగుట దాని గొప్ప గుణము. అయితే స్వేచ్ఛ యెక్కువైనచోట వివేకమును ఎక్కువగనే కావలయును. సాధారణమైన కాంజుగేట్ గ్రేడియంట్ పద్ధతిని పట్టుకొని యుండువారికి, వల ప్రక్కకు బిందువులు రెట్టింపైనచో ఆవృత్తులును సుమారు రెట్టింపగును. ప్రతి ఆవృత్తియందును ప్రాసెసర్లన్నియు ఒక మొత్తముకొరకు వేచియుండవలయును. లివర్‌మోర్ ప్రయోగశాలవారి హైపర్ నందలి బహువల పద్ధతిలో ఆవృత్తులు అంతగా పెరుగవు. దాని సన్నాహము ఖర్చుతో కూడినది. కాని మాత్రిక మారని చోట ఒకమారు చేసిన సన్నాహము వేల చక్రములకు పనికివచ్చును. పెట్‌సీ ద్వారా హైపర్‌ను వాడు వీలుండుటచే ఈ రెండింటికిని వైరము లేదు.

ఇంతకంటె ముందు వేయవలసిన ప్రశ్న మరియొకటి కలదు: అసలు మాత్రిక కావలయునా? వల క్రమమైనదై, అంచులు ఆవర్తకములైనచో ఫూరియే పరివర్తనమే చాలును. పొరుగు అణువుల బలములను మాత్రమే లెక్కించు అణుచలన గణనములకు సాధారణముగ సమీకరణవ్యవస్థయే యుండదు.

తుదకు ఫలితపరీక్ష. కూడిక క్రమము మారినచో కంప్యూటరు లెక్కలో కడపటి అంకెలు మారవచ్చును. కావున ప్రాసెసర్ల సంఖ్య మారినప్పుడు స్వల్పభేదము సహజము. సమాధానము ముందే తెలిసిన సమస్యపై సరిచూచి, ఆ భేదమునకు హద్దు నిర్ణయింపవలయును. సమస్య మాత్రికను నిర్ణయించును; మాత్రిక పద్ధతిని, పద్ధతి లైబ్రరీని నిర్ణయింపవలయును. ఈ క్రమము తలక్రిందులైనచోట ఎంత పెద్ద యంత్రమైనను పరిశోధకుని కాలమును కాపాడజాలదు.