బఫెలో బాబ్ మనకేమవుతాడు?

పిల్లల్ని నవ్వించే మనిషిని తప్పుపట్టడానికి ఎవరికీ మనసొప్పదు. మాకూ ఒప్పలేదు. అయినా అమెరికా టెలివిజన్ తొలి రోజుల్లో పిల్లలకు ప్రాణంగా మారిన బఫెలో బాబ్ గురించి ఆదివాసీలుగా మనం మాట్లాడుకోవలసింది ఉంది.

ఆయన అసలు పేరు రాబర్ట్ ష్మిట్, బాబ్ స్మిత్‌గా పేరుపొందాడు. పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో. 1947 డిసెంబరు 27న ఎన్‌బీసీలో మొదలైన 'హౌడీ డూడీ' కార్యక్రమానికి ఆయనే పెద్దదిక్కు. 1960 సెప్టెంబరు 24న ఆగేసరికి 2,343 భాగాలయ్యాయి. హౌడీ డూడీ అంటే తీగలతో ఆడించే బొమ్మ. అప్పటి అమెరికా రాష్ట్రాలకు ఒక్కొక్కటి చొప్పున దాని ముఖం మీద 48 మచ్చలు. స్టూడియోలో నలభై మంది పిల్లలు కూర్చునేవారు. ఇప్పుడు ఏ వేళయిందని బాబ్ అడగగానే ఆ బొమ్మ పేరు చెప్పి గొంతు చించుకునేవారు. క్లారాబెల్ అనే విదూషకుడు అన్నేళ్లూ మాట్లాడకుండా హారన్ మోగిస్తూ, సోడా చిమ్ముతూ నవ్వించాడు. ఆఖరి భాగం ముగింపులో మాత్రం నోరు తెరిచి పిల్లలకు వీడ్కోలు చెప్పాడు. దాన్ని తలచుకుని ముసలితనంలో కూడా కళ్లు తుడుచుకున్నవాళ్లున్నారు. ఆ ప్రేమ అబద్ధం కాదు.

మరి మా బాధేమిటి? బాబ్ వేసుకున్నది కుచ్చులు వేలాడే తోలు చొక్కా. అది మూలవాసుల నేలలోకి వలస వెళ్లిన తెల్లవాళ్లను గుర్తుచేసే వేషం. ఆయన పక్కన ఇద్దరు 'ఇండియన్లు' ఉండేవారు. ఒకరు చీఫ్ థండర్‌థడ్. ఆ వేషం వేసింది బిల్ లెకార్నెక్ అనే తెల్ల నటుడు. ఆ నాయకుడి తెగ పేరు 'ఊరగ్నాక్'. కంగారూ అనే మాటను ఇంగ్లిషులో తిరగేసి రాస్తే వచ్చిన పేరది. రెండోవారు నాలుగు రుతువుల పేర్లు కలిపి కట్టిన రాకుమారి సమ్మర్‌ఫాల్ వింటర్‌స్ప్రింగ్. మొదట బొమ్మగా ఉన్న ఆమె పాత్రను తర్వాత జూడీ టైలర్ వేసింది. ఆమె కూడా మూలవాసి కాదు.

థండర్‌థడ్ నోటివెంట మాటిమాటికీ వచ్చే కేక 'కోవబోంగా'. ఇది ఏ తెగ భాషలోదీ కాదు. కార్యక్రమ రచయిత ఎడ్వర్డ్ కీన్ కల్పించిన శబ్దం. దాని అదృష్టం చూడండి. సముద్రపు అలల మీద ఆడే కుర్రాళ్లు దాన్ని పట్టుకున్నారు. తర్వాత నింజా తాబేళ్ల కార్టూన్లోకి ఎక్కి ప్రపంచమంతా తిరిగింది. అలాస్కాలో ఈయక్ భాష తల్లినుడిగా మాట్లాడిన చివరి మనిషి మేరీ స్మిత్ జోన్స్ 2008లో కన్నుమూసింది. ఎవరూ మాట్లాడని భాషలోని మాట బతికింది. తరతరాలు మాట్లాడిన భాష పోయింది.

కాలం కూడా గమనించాలి. తెగలకున్న ప్రత్యేక గుర్తింపును ఎత్తివేయాలనే తీర్మానాన్ని అమెరికా కాంగ్రెస్ 1953లో చేసింది. మరుసటి ఏడాది మెనోమినీ తెగ మీద చట్టం తెచ్చింది. ఆ తెగ పోరాడి 1973లో గుర్తింపు తిరిగి సాధించుకుంది. ఒకవైపు నిజమైన తెగలను లెక్కల్లోంచి తీసేస్తున్నారు. ఇంకోవైపు లేని తెగను ఇంటింటి టీవీలో కూర్చోబెట్టారు. ఈ రెండింటికీ బాబే కారణమని మేం అనడం లేదు. తెగ అంటే థండర్‌థడ్ అనుకుని పెరిగిన పిల్లవాడు, పెద్దయ్యాక మెనోమినీల గోడు వింటే ఏం అర్థం చేసుకుంటాడన్నదే మా ప్రశ్న.

బాబ్ తీరులో మాకు ద్వేషం కనబడదు. మాకు ఎక్కువ కష్టం కలిగించేది అదే. మనల్ని తిట్టేవాడిని గుర్తుపట్టి దూరం పెడతాం. ప్రేమగా మాట్లాడే మామయ్య వెక్కిరింపు నేర్పితే, పిల్లలు దాన్ని ముద్దుతోపాటే దాచుకుంటారు.

ఈ సంగతి మనకు కొత్తేమీ కాదు. తెలుగు సినిమాల్లో 'కోయదొర' వేషం ఎన్నిసార్లు చూశాం! హీరో నెత్తిన ఈకలు పెట్టుకుని, అర్థంకాని కేకలు వేసి, జోస్యం చెబితే హాలంతా నవ్వింది. మనమూ నవ్వాం. బడి వార్షికోత్సవంలో 'ట్రైబల్ డాన్స్' అని మన పిల్లలకే ఆకులు చుట్టి, ముఖాన మసి పూసి, కేకలు వేయిస్తారు. వేయించేది కూడా చాలాసార్లు పిల్లలకు ఇష్టమైన మాస్టారో టీచరమ్మో. ధింసా తెలిసిన అమ్మమ్మ అదే ఊళ్లో ఉంటుంది. ఆమెను అడగాలని ఎవరికీ తోచదు.

పాతవన్నీ తగలబెట్టాలని మేం అనం. బాబ్‌ను పిల్లల్ని ప్రేమించిన మనిషిగా గుర్తుంచుకోవచ్చు. థండర్‌థడ్‌ను దాచకుండా ఆ పక్కనే నిలబెట్టి చూడాలి. మార్పు రాదనీ అనం. 2019లో అమెరికా పబ్లిక్ టెలివిజన్‌లో మొదలైన 'మాలీ ఆఫ్ డెనాలీ'లో కథానాయిక అలాస్కా మూలవాసి అమ్మాయి. ఆ కథల తయారీలో మూలవాసి రచయితలు ఉన్నారు, పాత్రలకు గొంతునిచ్చిన మూలవాసులూ ఉన్నారు.

ఉపాధ్యాయ మిత్రులను మేం కోరేది చిన్నదే. ఈసారి వార్షికోత్సవానికి వేషాలు కుట్టించే ముందు గూడెంలో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. ఆ పాట ఏ పండుగకు పాడతారో, ఆ అడుగు ఎందుకు అలా వేస్తారో పిల్లల చేతనే అడిగించండి. బడిలో పిల్లలకు ఇష్టమైన బాబ్‌లు మీరే.