అడగాల్సింది ఎవరిని?

వరద బాధితులకు పాత బట్టలు ఇవ్వండంటూ ఈ వారం మా కాలనీ వాట్సాప్ గ్రూపులో పిలుపొచ్చింది. ఏ ఊరికి పంపుతారో, అక్కడివాళ్లు అడిగారో లేదో, ఒక్క ముక్క లేదు. నా పాత పోరు మీకు తెలిసిందే: ముందు అడగండి, తర్వాత పంపండి.

2004 డిసెంబర్ 26 నాటి సునామీలో తమిళనాడులోని ఒక్క నాగపట్నం జిల్లాలోనే 6 వేల మందికి పైగా పోయారు. లారీల్లో వచ్చిపడిన పాత బట్టలు అక్కడ రోడ్ల పక్కన గుట్టలయ్యాయి. జాలర్లు వాటిని ముట్టలేదు. నిన్నటిదాకా వేటకెళ్లి సొంత రెక్కల మీద బతికినవాళ్లు ఎవరో కట్టి విడిచిన గుడ్డ ఎలా కట్టుకుంటారు?

బట్టల సంగతి అలా ఉంచండి, పడవల సంగతి ఇంకా బాధాకరం. జాలర్ల కట్టుమరమంటే తాళ్లతో బిగించిన దుంగలు. ఒడ్డుకు రాగానే తాళ్లు విప్పి, దుంగలు విడదీసి ఆరబెడతారు. దాని మీద ఇద్దరు ముగ్గురు వేటకెళ్లొచ్చు. ఫైబర్ పడవకు ఇంజనుండాలి, డీజిలుండాలి, నలుగురైదుగురు మనుషులుండాలి. చేపలమ్మిన సొమ్ములో ఖర్చులూ పడవ వాటా, వల వాటా తీసేశాక మిగిలింది ఎక్కినవాళ్లు పంచుకుంటారు. ఈ లెక్క తెలియని దాతలు పోటీలుపడి ఫైబర్ పడవలు ఇచ్చారు. కొన్ని పల్లెల్లో సునామీకి ముందున్న వాటికన్నా ఎక్కువయ్యాయి. వాటాకు వెళ్లే మనిషి కూడా యజమాని అయిపోతే పడవెక్కేదెవరు? సముద్రంలో చేపలు మాత్రం పెరగలేదు.

ఊరిని అడిగుంటే ఇలా అయ్యేదా అని ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ ఊరిని అడిగినవాళ్లూ ఉన్నారు. ఆ తీరంలో జాలరి పంచాయతీ పెద్దల మాటంటే మాటే. చాలా సంస్థలు వాళ్ల దగ్గరికే వెళ్లాయి, వాళ్లిచ్చిన జాబితా పట్టుకునే పంచాయి. పెద్దల పూచీ మీద పంపకం చకచకా సాగింది కూడా. అయితే ఆ పంచాయతీల లెక్కలో కుటుంబమంటే ఊరికి పన్ను కట్టే మగవాడు. మొగుణ్ని పోగొట్టుకున్న ఆడవాళ్లు, గంపలో చేపలమ్ముకునేవాళ్లు, పక్క పొలాల్లోని దళిత కూలీలు, ఇరులర్ గిరిజనులు చాలాచోట్ల ఆ జాబితాకెక్కలేదు. పడవ పోతే అందరికీ తెలుస్తుంది. గంప పోతే ఎవరు రాసుకుంటారు?

స్థానిక పరిస్థితిని అర్థం చేసుకోవడమంటే స్థానిక పెద్దరికానికి తలూపడం కాదు. జాబితా చేతికొచ్చాక అందులో పేరు లేని గడపలు తొక్కాలి. పెద్దలకు కోపమొస్తుంది, మా ఆచారం ఇంతే అంటారు. అప్పుడు బయటివాడు గట్టిగా నిలబడాల్సిందే. చేపలమ్మే ఆమెకు పడవ అక్కర్లేదు. గంప, తక్కెడ, కాస్త ఐసు, ఒడ్డున చేప కొనడానికి వడ్డీ లేని నాలుగు డబ్బులు కావాలి. ఆ మాట పెద్దల నోట రాదు, ఆమె నోటే వినాలి.